టాకోట్సుబో గుండెజబ్బు

పట్టరాని దుఃఖం, భయం, కోపం కలిగినప్పుడో, ఒంటికి పెద్ద జబ్బో దెబ్బో తగిలినప్పుడో గుండె ఎడమ జఠరిక కొన్నాళ్లపాటు చచ్చుబడే స్థితి ఇది. ఛాతీ నొప్పి, ఆయాసం, ఇసిజిలో తేడాలు, రక్తంలో ట్రోపోనిన్ పెరగడం, అన్నీ గుండెపోటులాగే ఉంటాయి. యాంజియోగ్రాం తీస్తే మాత్రం ఇంత నష్టానికి తగిన పూడిక రక్తనాళాల్లో కనబడదు. గుండెపోటు అనుమానంతో ఆస్పత్రికి వచ్చేవారిలో నూటికి ఒకరిద్దరిది ఈ జబ్బే. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు తట్టున, ఈ పేరు వినడం అరుదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మాట మాత్రం మనకు పాతదే. గుండె చెరువైందంటాం, గుండె పగిలిందంటాం, కబురు వినగానే గుండె జారిపోయిందంటాం. తెర మీద నిజంగా ఉబ్బిన గుండెను వైద్యులు చూసేదాకా ఇవి ఉత్త నుడికారాలే. 1942లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ భయంతో మనుషులు చచ్చిపోవడం గురించి రాసి, అడ్రినలిన్ వైపు వేలు చూపించాడు. 1980లో ఒహాయోలో ఇద్దరు వైద్యులు, దాడికి గురై లోపలి గాయాలేవీ లేకుండా చనిపోయిన వారి గుండె కండరాన్ని పరిశీలించి, 15 మందిలో 11 మందికి కండర పోగులు దెబ్బతిన్నట్టు తేల్చారు.

పేరు పెట్టింది జపాన్ వారు. హిరోషిమాలో సాతో హికారు బృందం 1990లో దీన్ని వర్ణించింది. జఠరికలోకి రంగు ఎక్కించి చూస్తే పైభాగం గట్టిగా ముడుచుకుంటోంది, అడుగుభాగం కదలకుండా గుండ్రంగా ఉబ్బి నిలిచిపోయింది. ఆ ఆకారం వారికి ఆక్టోపస్‌లను పట్టే టాకోట్సుబో కుండలా తోచింది: సన్నటి మెడ, బాన కడుపు. ముందుగా మన వైద్యుడి కంట పడి ఉంటే కల్లుముంత జబ్బు అనేవాడేమో. 2004 అక్టోబరు 23న నీగాతా భూకంపం వచ్చాక ఆ చుట్టుపక్కల ఈ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. 2005లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 19 మంది రోగులను పరీక్షించి, వారి రక్తంలో అడ్రినలిన్ జాతి రసాయనాలు మామూలు గుండెపోటు రోగుల కంటే రెండు మూడు రెట్లు ఉన్నట్టు చూపారు. పది మంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లని, ఎక్కువమంది ముట్లుడిగినవారని 1,750 మంది వివరాలతో 2015లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. ఆ రోగుల్లో దుఃఖం లాంటి మానసిక కారణం కంటే ఒంటి జబ్బు కారణమైనవారే ఎక్కువ. పాతిక శాతానికి పైగా మందిలో ఏ కారణమూ దొరకలేదు. ‘విరిగిన గుండె’ అని పత్రికలు పెట్టిన పేరు సగం నిజమే.

రసాయనాల వరద గుండెను ముంచుతుందన్న సంగతి పల్లె వైద్యులకు తేలు చెప్పింది. ఎర్రతేలు కుట్టినవాడికి చేతులు చల్లబడతాయి, ఒళ్లంతా చెమట, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, కాసేపటికి నోట ఎర్రటి నురగ. విషం ఒంట్లోని అడ్రినలిన్‌ను ఒక్కసారిగా తోడిపోయడంతో గుండె చేతులెత్తేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో రక్తపోటు మాత్ర ప్రాజోసిన్ వాడి ఆ మరణాలను బాగా తగ్గించారు. మెట్ట ప్రాంతాల్లో రాళ్లు కదిలించే కూలీకి వచ్చే ఆ తేలుకాటు గుండెజబ్బు, టాకోట్సుబో ఒకటి కావు గానీ దగ్గరి చుట్టాలు.

తెలుగునాట టాకోట్సుబో మాట అందరి నోటా నలగాల్సిన సందర్భం 2009 సెప్టెంబరు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక, ఆ కబురు విని గుండె ఆగి చనిపోయారంటూ పత్రికలు వందల పేర్లు రాశాయి. వాటిని టాకోట్సుబో అనడానికి వీల్లేదు, కాదనడానికీ లేదు. పరీక్ష జరగని మరణానికి జబ్బు పేరు పెట్టడం వైద్యం కాదు. ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్ల వయసులో 2022 ఫిబ్రవరి 21న హైదరాబాదులో గుండె ఆగి కన్నుమూశారు, అంత్యక్రియలు ఉదయగిరిలో జరిగాయి. కార్డియాక్ అరెస్ట్ అనే మాట ఆ రోజుల్లో ఇక్కడ బాగా వినబడింది. అది గుండె కొట్టుకోవడమే ఆగిపోవడం. దాన్ని గుండెపోటుతోనూ ఈ జబ్బుతోనూ కలిపేయకూడదు.

ఇక దూరం సంగతి. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ, ఆత్మకూరు నుంచి యాభై దాటుతుంది. యాంజియోగ్రాం కావాలంటే నెల్లూరు పోవాల్సిందే. దగ్గరి ఆస్పత్రిలో దొరికేది ఇసిజి, అది గుండెపోటునూ టాకోట్సుబోనూ కచ్చితంగా విడదీయలేదు. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం రాష్ట్రంలో 2023లో మొదలైంది. ఇసిజి గుండెపోటని చూపిస్తే వైద్యుడు ఆ మందే ఇస్తాడు, ఇవ్వాలి కూడా. టాకోట్సుబో కావచ్చని ఆగితే నిజమైన పోటుకు గంటలు కరిగిపోతాయి. అలా చాలామంది కాగితాల మీద గుండెపోటు రోగులుగానే మిగులుతారు.

బతికి బయటపడ్డవారికి కోలుకునే అవకాశం మెండు. గుండె పంపు శక్తి చాలామందిలో కొన్ని వారాల్లోనే తిరిగొస్తుంది, ఎకో తీసి నిర్ధారించుకోవాలి. మొదటి రోజులు మాత్రం తేలికగా తీసుకునేవి కావు: గుండె లయ తప్పడం, కదలని అడుగున గడ్డ కట్టడం, రక్తపోటు పడిపోవడం ఉంటాయి. ఆస్పత్రిలో మరణాలు దాదాపు మామూలు గుండెపోటు స్థాయిలోనే ఉన్నట్టు 2015 అధ్యయనమే తేల్చింది. బీటా బ్లాకర్లు మళ్లీ రాకుండా ఆపుతాయన్న రుజువు లేదు. ఎకో బాగుందన్నాక కూడా నీరసం, ఆయాసం నెలల తరబడి వదలని వారుంటారు. వైద్యుడు చెప్పిన మోతాదులో నడక, మనసు విప్పి మాట్లాడే చికిత్స అలాంటివారికి పనికొస్తాయి. జబ్బు ఏటా నూటికి ఇద్దరికి మించకుండా తిరగబెడుతుంది. అందుకే టాకోట్సుబో అని రాసిన డిశ్చార్జి కాగితాన్ని రేషన్ కార్డుతో కలిపి దాచుకోవాలి. మళ్లీ నొప్పొస్తే పాత జబ్బేలే అని మంచం మీద ఉండిపోకుండా, ఆ కాగితం చేతబట్టుకుని 108 ఎక్కాలి.