ఠాగూర్ కుటుంబ చిత్రకళ

కలకత్తా జొరాసాంకో ఇంట రవీంద్రనాథ్ ఠాగూర్ (1861–1941), ఆయనకు అన్న వరసయిన గుణేంద్రనాథ్ పిల్లలు గగనేంద్రనాథ్ (1867–1938), అవనీంద్రనాథ్ (1871–1951), సునయనీ దేవి (1875–1962) వేసిన బొమ్మల్లో కలల ఛాయ కనిపిస్తుంది. దాన్ని వంశపు సొత్తు అనేయడం తేలిక. బొమ్మలు తయారైన తీరు చూస్తే ఆ మాట నిలవదు. అవనీంద్రనాథ్ మసక వెలుగు పుట్టుకతో వచ్చింది కాదు. 1903లో వచ్చిన జపాన్ చిత్రకారులు తైకాన్, షున్సోల పనితనం చూశాక, రంగు వేసిన కాగితాన్ని నీళ్లలో ముంచి, మళ్లీ రంగు వేసే పద్ధతి ఆయన చేతికొచ్చింది. గగనేంద్రనాథ్ 1920లలో క్యూబిజం కోణాలతో మెట్లు, తలుపులు, రంగస్థలపు వెలుగు కలిసిన ఇళ్లు కట్టాడు. అవి ఆ సిద్ధాంతానికి పూర్తిగా లొంగవు, లొంగనక్కర్లేదు కూడా. రవీంద్రుడి దారి మరీ వింత. 1924 నాటి ‘పూరబి’ కవితల రాతప్రతిలో కొట్టివేసిన మాటలను గీతలతో కలుపుతూ పోతే వింత ఆకారాలు మొలిచాయి. ఆరేళ్లకు పారిస్‌లో తొలి ప్రదర్శన.

ఒకే ఇంట్లో ఇందరు ఊరికే పుట్టుకొస్తారా అన్న ఆక్షేపణకు బలమైన ఆధారం సునయని. శిక్షణ లేకుండా ముప్పై ఏళ్ల ప్రాయంలో కుంచె పట్టిన ఆమె, తన బొమ్మలు చాలావరకు కలలో కనిపించినవేనంది. అన్నలు వేస్తుంటే చూసిందన్నదీ నిజమే. కానీ ఆమె గీసిన సోగకళ్లు, గుండ్రటి ముఖాలు కాళీఘాట్ పటాలకు, పల్లె బొమ్మలకు దగ్గర. ఇల్లు ఇచ్చింది తీరిక, సామగ్రి, చూసి మెచ్చేవాళ్లు; శైలి కాదు. 1922లో కలకత్తాలో జర్మనీ కళాపాఠశాల బౌహౌస్ కళాకారుల పనులతోపాటు గగనేంద్రనాథ్, సునయనిల చిత్రాలూ ప్రదర్శించారు. ఆ అన్నాచెల్లెళ్ల చిత్రాలను ఒకే చేతివని పొరబడేవారుండరు.