గిటారు మెడపై పూత

లక్కను మద్యసారమున కరగించి, గుడ్డముద్దతో పొరపై పొరగా రుద్దెడి ఫ్రెంచి పాలిషు, చూపునకెంత మనోహరమైనను, అనవరతము చెమటచేతుల రాపిడికి లోనగు గిటారు మెడపై చిరకాలము నిలువజాలకుండెను. 1920ల దశకమున మోటారుకార్ల రంగుగా ప్రసిద్ధికెక్కిన నైట్రోసెల్యులోజు లాకరు, త్వరగా ఆరు గుణముచేత, వాద్యనిర్మాతలనుగూడ ఆకర్షించెను. 1950లలో ఫెండరు సంస్థవారు తమ మేపుల్ మెడలకు దానినే పూసిరి. అయితే మెట్ల నడుమ వ్రేళ్లు తారాడిన చోటులందు ఆ పలుచని పూత అరిగి, మకిలి యింకి, తెల్లని కొయ్య నల్లబారెను. 1959 నాటికి ఆ సంస్థ మెడపై వ్రేళ్లానెడి చోట నల్లనైన రోజ్‌వుడ్ పలకను ఆశ్రయించుటకు ఈ మాలిన్యమే కారణమందురు. 1960ల చివర దట్టమైన పాలియెస్టరు వచ్చెను. అది గట్టిదే, కాని నాకు గాజుసీసాను తడిమినట్లుండును. వాదకుల అభిరుచి మాత్రము విచిత్రమైనది: ఒకనాడు కళంకమనిపించిన అరుగుదలను 1995 నుండి ఫెండరువారు సరిక్రొత్త గిటార్లపై పనిగట్టుకొని కల్పించి, అధికమూల్యమునకు విక్రయించుచున్నారు.