వాలుకొయ్య పుట్టుపూర్వోత్తరములు

తుంగభద్రను దాటుటకు కర్నూలువారికి చిరకాలము సాధనమైయుండినది పుట్టి. వెదురు అల్లికపై తోలు కప్పిన ఆ గుండ్రని నావకు తెరచాప లేదు, తెరచాప కొయ్యయు లేదు. అట్టి సీమలోనే 1863 – 1870 సంవత్సరముల నడుమ సుంకేసుల యొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు పట్టణమున హంద్రీ నదిని నీటివంతెనపై దాటించి, కుందూ లోయ మీదుగా కడప వరకు ఇంచుమించు 190 మైళ్లు త్రవ్విన కాలువ, పైరులకు మాత్రమే గాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినదని నేడు తలచువారు అరుదు.

ఈ సంకల్పమునకు మూలపురుషుడు ధవళేశ్వరపు ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్. పైరు తడుపు నీరే సరకును గూడ మోయవలెననియు, ఇనుపదారి కంటె నీటిదారి చౌక యనియు ఆయన జీవితాంతము వాదించెను. ఆ విశ్వాసముతోనే మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి ఐదు వడ్డీకి ప్రభుత్వపు హామీ పొంది, ఈ కాలువకు పూనుకొనెను.

పడవలు నడచు కాలువపై వంతెన కట్టువానికి రెండు లెక్కలు తప్పవు: ఎద్దులబండి ఎక్కగల వాలు ఒకటి, పడవ దూరగల ఎత్తు మరియొకటి. వంతెనను పెంచిన ప్రతి అడుగునకును రాతిపనియు, ఇరువైపుల మట్టికట్టయు పెరుగును; ఆ వ్యయమును భరించుటకంటె పడవయే తన కొయ్యను వాల్చుకొనుట మేలని పలు దేశముల కాలువల యజమానులు నిశ్చయించిరి. సముద్రమున ఇట్టి చిక్కు లేదు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యలతో కనబడు ఓడకు పైన ఆకాశమే గాని అడ్డము లేదు. కొయ్యను తరచుగా వాల్చి నిలుపవలసిన అగత్యము ప్రధానముగా లోనాటి జలమార్గములదే.

అయినను వంతెనలకు ఎంతో పూర్వమే ఈ పని యుండెను. ఈజిప్టులో నైలునది ఉత్తరముగా పారును, గాలి మాత్రము ఉత్తరము నుండియే వీచును. కావున ఎగువకు పోవునపుడు తెరచాప ఎత్తి, దిగువకు వచ్చునపుడు తెడ్లు వేయుచు కొయ్యను దించి యుంచుట అచ్చటివారికి ఆచారము. నాలుగువేల యేండ్లకు పైబడిన సమాధుల గోడశిల్పములలో రెండు కాళ్ల కొయ్యలు గల పడవలు నేటికిని కనబడును. హోమరు ‘ఇలియడ్’ మొదటి సర్గలో రేవు చేరిన గ్రీకులు ముందుమోకులను వదలుచు కొయ్యను దాని దోనెలోనికి దించుదురు. కాని ఈ రెండు చోట్లను పడవ నిండ తెడ్డువారే. చేతులకు కొదువ లేదు.

చేతులు తగ్గిననాడే యుక్తి పెరిగెను. ఇంగ్లాండున థేమ్సు నది సరకుపడవలకు ఇద్దరే మనుష్యులు. వారు ముక్కు నున్న చుట్టుయంత్రముతో కొయ్యను దించుచుండిరి గాని, వంతెనల యొద్ద కూలికి అదనపు మనిషిని ఎక్కించుకొనుటయు కలదు. నార్ఫోకు సీమలోని వెర్రీ యను పడవవారు ఆ కూలిని గూడ మిగిల్చుకొనిరి. కొయ్యను పెట్టె వంటి చట్రమున ఇరుసుపై నిలిపి, ఇరుసుకు దిగువనున్న మొదటికి టన్నుకు పైబడిన సీసపు బరువు కట్టిరి. ఏతముపై మనిషి అటునిటు నడచినంతనే దూలము లేచి వాలునట్లు, ఆ సీసమే కొయ్యభారమును సరితూచుటచే, ఒక్కడు ముందుమోకును వదలినచో కొయ్య వాలును, లాగినచో లేచును. పడవ మాత్రము ఆగకుండ వంతెన క్రింద సాగిపోవును.

చిన్న నావలో అంత సీసమునకు తావు లేదు. అచ్చట అడ్డుగడ కావలెను. ఆరు మీటర్ల కొయ్య 20 కిలోలు తూగుననుకొందము. దాని భారము నడుమ, అనగా ఇరుసుకు మూడు మీటర్ల దూరమున, పనిచేయును. కొయ్య పండుకొని యున్నపుడు ముక్కు నుండి కొనకు కట్టిన త్రాడు ఇంచుమించు కొయ్య వెంబడియే సాగును గనుక, లాగుబలములో అధికభాగము దానిని లేపుటకు గాక ఇరుసుపై నొక్కుటకే వ్యర్థమగును. కొయ్య మొదట లంబముగా ఒక గడ నిలిపి, ముందుమోకును దాని కొనమీదుగా నడిపినచో, త్రాడు ఇరుసుకు మీటరున్నర దూరమున లాగును. అప్పుడు కావలసినది 40 కిలోల లాగుడు; నాలుగు పేటల కప్పీ తగిలించినచో, రాపిడి విడిచిపెట్టగా, 10 కిలోలే. ప్రక్కమోకుల మొదళ్లు ఇరుసుతో సమానమైన ఎత్తున, ఒకే వరుసలో ఉండుట మరియొక నియమము. లేనిచో అవి నడుమ సడలి, కొయ్య ప్రక్కకు ఒరిగి, ఇరుసును విరుచును. నేడు మోటారుబండి వెనుక చిన్న విహారనావను తెచ్చి, రేవున ఒంటరిగా కొయ్య నిలుపువాడు ఈ లెక్కనే వాడుచున్నాడు.

కర్నూలు–కడప కాలువ కథ మరియొక విధముగా ముగిసెను. కాలువ త్రవ్వకము ముగిసిన మరుసటి యేడే, 1871లో, కడప మీదుగా పోవు మద్రాసు రైలుదారి రాయచూరున బొంబాయి దారితో కలిసెను. 1882లో ప్రభుత్వము కంపెనీ నుండి కాలువను కొనెను. 1933 నుండి అది కేవలము సేద్యపు కాలువ. ఒక్క మనిషి కొయ్యను వాల్చి కూలి మిగుల్చుకొనవచ్చును గాని, అనేక పడవల సరకును ఒక్క పర్యాయము లాగుకొనిపోవు ఆవిరియంత్రముతో పోటీపడుటకు ఆ మిగులు చాలదు. యుక్తి గొప్పదైనంత మాత్రమున మార్గము నిలువదు. దానిపై సాగు సరకే దానిని నిలుపును.