పడవలు లేని దండయాత్ర

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 అక్టోబరు నాటికి, గల్లిపోలీలో టర్కుల చేతిలో బ్రిటన్ పరువు పోయింది. లండన్ మంత్రివర్గానికి ఎక్కడో ఒకచోట విజయం కావాలి. మెసపటోమియాలో (నేటి ఇరాక్) బ్రిటిష్ సేనల అధిపతి జనరల్ నిక్సన్ బాగ్దాద్ చూపించాడు. వెళ్లమన్నారు.

వెళ్లాల్సింది జనరల్ టౌన్‌షెండ్ నడిపే ఆరవ పూనా డివిజన్. అందులో ఎక్కువమంది మన దేశపు సిపాయిలు. కూట్ పట్టణం గెలిచాక ఇక్కడ ఆగడమే మంచిదని టౌన్‌షెండ్ చెప్పాడు. నిక్సన్ వినలేదు. బస్రా నుంచి బాగ్దాద్‌కు నదిమీద దాదాపు 800 కిలోమీటర్లు. రోడ్డు లేదు, రైలు లేదు. తిండి, మందుగుండు, గాయపడినవాళ్లు, అన్నీ టైగ్రిస్ మీదే రావాలి, పోవాలి. ఆ నదికి సరిపడా స్టీమర్లు లేవని నిక్సన్‌కు తెలుసు. తనే అంతకుముందు అడిగాడు కూడా. అవి రాకముందే సైన్యాన్ని ముందుకు తోశాడు. నా దృష్టిలో ఈ యుద్ధంలో క్షమించరాని తప్పు ఇదే.

నవంబరులో బాగ్దాద్‌కు దగ్గర్లోని టెసిఫాన్ వద్ద టర్కులతో జరిగిన పోరులో ఆ డివిజన్ దాదాపు 4,600 మందిని పోగొట్టుకుంది. చనిపోయినవాళ్లూ, గాయపడినవాళ్లూ కలిపి. గాయపడినవాళ్లను కుదుపుల బండ్లలో ఒడ్డుకు చేర్చి, బార్జీల మీద పక్కా పరుపూ లేకుండా పడుకోబెట్టారు. బస్రా చేరడానికి దాదాపు రెండు వారాలు. మెజిదియే అనే స్టీమరు దగ్గరకు వస్తుంటే దాని పక్కలనుంచి తాళ్లలాంటివి వేలాడడం మేజర్ కార్టర్ అనే వైద్యుడు చూశాడు. అవి ఎండిపోయిన మలం. లేవలేని మనుషులు పడుకున్నచోటే విసర్జించిన మలం. ఆయన దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే పైవాళ్లు అరెస్టు చేస్తామని బెదిరించారు.

మిగిలిన సైన్యం వెనక్కి కూట్‌లోకి చేరి, డిసెంబరు 7 నుంచి టర్కుల ముట్టడిలో చిక్కింది. తిండి ఎక్కువకాలం రాదని టౌన్‌షెండ్ కబురు పంపడంతో విడిపించే సేనలు ఆదరాబాదరాగా దాడికి దిగాయి. తర్వాత కూట్‌లో ఇళ్లు సోదా చేస్తే ధాన్యం దొరికింది! ఆ తొందరపాటు దాడులు మొదలుకొని ఏప్రిల్ దాకా దాదాపు 23,000 మంది నేలకొరిగారు, లేదా గాయపడ్డారు. లోపల మన సిపాయిల్లో చాలామంది గుర్రపు మాంసం ముట్టలేదు. స్కర్వీ పట్టి పళ్లచిగుళ్లు కుళ్లాయి.

1916 ఏప్రిల్ 29న, దాదాపు ఐదు నెలలకు, దాదాపు 13,000 మంది లొంగిపోయారు. టౌన్‌షెండ్ ఇస్తాంబుల్ దగ్గరి దీవిలో హాయిగా గడిపాడు. బందీగా ఉండగానే నైట్ బిరుదు అందుకున్నాడు. సిపాయిలను మాత్రం టర్కులు ఎడారిలో నడిపించి, బాగ్దాద్ రైలుమార్గం పనిలోకి దింపారు. వేలమంది తిరిగి రాలేదు.

1917లో విచారణ సంఘం నిక్సన్‌ను, ఈ దండయాత్రను నడిపిన సిమ్లాలోని బ్రిటిష్ ఇండియా పాలకులను గట్టిగా తప్పుపట్టింది. భారత వ్యవహారాల మంత్రి చాంబర్లెయిన్ రాజీనామా చేశాడు. జనరళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు.