బ్లూ నోట్ పూర్వవృత్తాంతము

1938 డిసెంబరు 23వ తేది రాత్రి న్యూయార్కు నగరమందలి కార్నెగీ హాలులో నల్లజాతి సంగీతమునకై జరిగిన సభలో, ఆల్బర్ట్ ఆమన్స్, మీడ్ లక్స్ లూయిస్ అను నిరువురి పియానో వాద్యమును విని పరవశుడైన యువకుడొకడు, పక్షము తిరుగకమున్నే, 1939 జనవరి 6న, వారిని స్టూడియోకు రప్పించి గ్రామఫోను ప్లేట్లిప్పించెను. ఆతడు బెర్లినునుండి వలసవచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్. ఆ ప్లేట్లతో పుట్టినది బ్లూ నోట్ అను జాజ్ రికార్డుల కంపెనీ. మాక్స్ మార్గులిస్ అను రచయిత ధనము సమకూర్చెను. ఆ సంవత్సరాంతమున నాజీల బారినుండి తప్పించుకొని వచ్చిన బాల్యమిత్రుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ భాగస్వామి యయ్యెను. వుల్ఫ్ వృత్తిచే ఛాయాగ్రాహకుడు.

శాక్సఫోను వాద్యకుడైన ఐక్ క్విబెక్ సలహాపై, 1947లో లయన్, పియానో వాద్యకుడు థెలోనియస్ మంక్ నాయకత్వమున తొలి ప్లేట్లను రికార్డు చేయించెను. కొనువారు స్వల్పము, అయినను 1952 వఱకు ఆయనను విడువలేదు. స్టూడియోలో గడచు ప్రతి గంటకును వెల కట్టెడి వ్యాపారములో, రికార్డింగునకు ముందటి సాధనకు సైతము వాద్యకులకు వేతనమిచ్చుట ఈ కంపెనీ యాచారము. వుల్ఫ్ ఛాయాచిత్రములతో రీడ్ మైల్స్ కూర్చిన అట్టలను (ఆ మైల్స్‌కు జాజ్ పై మక్కువ లేకుండుట వింత!), కండ్లద్దముల వైద్యుడై యుండియు హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల యింటి ముందుగదిలో శబ్దగ్రహణము సాగించిన రూడీ వాన్ గెల్డర్ నేర్పును పొగడువారు పెక్కురు, నా మతమున మాత్రము ఆ సాధనవేతనమే కంపెనీకి ప్రాణము.

చిత్రమేమన, దారిద్ర్యమున నిలిచిన సంస్థను విజయము కదలించినది. ట్రంపెట్ వాద్యకుడు లీ మోర్గన్ వాయించిన ‘ది సైడ్‌వైండర్’ 1964లో వెలువడి అనూహ్యముగా అమ్ముడుపోగా, ప్లేట్లు అచ్చొత్తు ఖర్చు వెంటనే చెల్లింపవలసివచ్చుచు, పంపిణీదారుల సొమ్ము ఆలస్యముగా చేరుచు, అట్టిదే మఱియొకటి కావలెనను ఒత్తిడి పెరుగజొచ్చెను. 1965లో లయన్ కంపెనీని లిబర్టీ సంస్థకు విక్రయించి, 1967లో విరమించెను. వుల్ఫ్ 1971లో మరణించువఱకు పని సాగించెను. బ్లూ నోట్ పేరు నేటికిని వాడుకలో నున్నది. ఆ కంపెనీ యోపిక యెట్టిదో తెలియగోరువారు, ఆనాడు అమ్ముడుపోని మంక్ ప్లేట్లనే మొదట వినవలెను.