పై అంతస్తు షవర్‌కు ప్రెషర్ పంపు

పై అంతస్తులో షవర్ సన్నగా కారుతుంటే తప్పు షవర్‌ది కాకపోవచ్చు. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి దాదాపు ఒక బార్ పీడనం ఉంటుంది. డాబా మీది ట్యాంకులో నీటి మట్టం షవర్‌కు 3 మీటర్లే పైన ఉంటే దక్కేది 0.3 బార్. వెడల్పాటి రెయిన్ షవర్‌కు అది చాలదు.

ముందు షవర్ రంధ్రాల్లో పేరుకున్న సున్నం, సగం మూసుకున్న వాల్వు చూసుకోవాలి. బోరు నీళ్ల ఇళ్లలో చాలాసార్లు అక్కడే సమస్య తీరుతుంది. పంపు తప్పదనుకుంటే ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుకు, ట్యాంకు దగ్గరే బిగించాలి. ఫ్లో స్విచ్ ఉన్న పంపు నీరు కొంతైనా పారితేనే మొదలవుతుంది. ట్యాంకు మరీ తక్కువ ఎత్తులో ఉంటే ప్రెషర్ స్విచ్ రకం తీసుకోవాలి. దీనితో చిక్కేమిటంటే, ఎక్కడ కుళాయి చుక్కలు కారినా అర్ధరాత్రి పంపు మోగుతుంది. గీజర్ మీద రాసిన గరిష్ఠ పీడనాన్ని పంపు దాటకూడదు. ట్యాంకు ఖాళీ అయితే దానంతట అదే ఆగే ఏర్పాటు కూడా ఉండాలి.

నల్లా లైనుకు నేరుగా మోటారు బిగించడం మాత్రం వేరే సంగతి. హైదరాబాద్ జలమండలి దీన్ని అనుమతించదు. పక్కింటి వాటా తగ్గడం ఒక్కటే కాదు, ఆ లాగుడుకు పైపుల పగుళ్లలోంచి మురుగు కూడా తాగునీటిలోకి చేరవచ్చు.