గోదావరి పరీవాహక ప్రాంతంలో పరిశ్రమలు

గోదావరి నది మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి ఆంధ్రప్రదేశ్‌లో బంగాళాఖాతంలో కలుస్తుంది. సుమారు 3,12,800 చదరపు కిలోమీటర్ల దీని పరీవాహక ప్రాంతము ప్రధానంగా మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిషా, కర్ణాటక రాష్ట్రాలలో విస్తరించి ఉంది. బొగ్గు, ఇనుప ఖనిజము, వెదురు, నదీజలము సమృద్ధిగా లభించుట వలన ఇక్కడ భారీ పరిశ్రమలు వెలిశాయి. వాటిలో పలు ముఖ్యమైనవి పూర్వపు ఖమ్మం జిల్లాలో, కొత్తగూడెం, భద్రాచలం అటవీ ప్రాంతంలో ఉన్నాయి. ఈ ప్రాంతపు నైరుతి అంచున ఉన్న జూలూరుపాడు మండలము 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది.

బొగ్గు, విద్యుత్తు

మహారాష్ట్రలోని చంద్రాపూర్ వైపునుండి కొత్తగూడెం, సత్తుపల్లి వరకు గోండ్వానా శిలలలో బొగ్గు పొరలు ఉన్నాయి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించాడు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడింది. దీని ప్రధాన కార్యాలయము కొత్తగూడెంలో ఉంది. ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతము, కేంద్రానికి 49 శాతము వాటా ఉంది. 2023–24లో సంస్థ సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గును ఉత్పత్తి చేసింది.

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రము 1960వ దశకంలో ప్రారంభమైంది. దీనికి నీరందించుటకు గోదావరి ఉపనది అయిన కిన్నెరసానిపై జలాశయము నిర్మించారు. పాత యూనిట్లు మూతబడిన తరువాత వాటి శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు. మణుగూరు వద్ద 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రము ఉంది. ఎగువన రామగుండంలో ఎన్‌టీపీసీ కేంద్రము 1983లో ఉత్పత్తి ప్రారంభించింది.

కాగితము, భారజలము

భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న సారపాకలో 1979లో కాగితపు అట్టల ఉత్పత్తి మొదలైంది. ఈ కర్మాగారము 2002లో ఐటీసీలో విలీనమైంది. ముడిసరుకు కొరకు అడవిపై భారము తగ్గించుటకు రైతుల పొలాలలో జామాయిల్, సుబాబుల్ పెంపకాన్ని ప్రోత్సహించారు. దీనివలన మెట్ట రైతులకు ఆదాయము లభించినా, ఆహార పంటల భూమి కొంత ఈ తోటల క్రిందికి మారింది.

అశ్వాపురం వద్ద అణుశక్తి విభాగపు భారజల కర్మాగారము 1991లో ప్రారంభమైంది. ఇది గోదావరి నీటినుండి భారజలమును తయారుచేస్తుంది. ఈ ప్రక్రియలో విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడు వాయువును ఉపయోగిస్తారు కనుక భద్రతా ఏర్పాట్లు కట్టుదిట్టంగా ఉంటాయి.

ఎగువ ప్రాంతాల ప్రభావము

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప గనులలో తవ్వకాలు 1968లో మొదలయ్యాయి. అక్కడి ఎర్రమట్టి శంఖిని, డంకిని నదులలో కలియుట చిరకాల సమస్య. ఆ నీరు ఇంద్రావతి ద్వారా గోదావరిని చేరుతుంది. గని ఒక రాష్ట్రంలో, నీటిని వాడుకొను గ్రామాలు మరొక రాష్ట్రంలో ఉండగలవు. థర్మల్ కేంద్రాల బూడిద చెరువులు, ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి గుట్టలు కూడా సమీపపు వాగులకు, పొలాలకు ముప్పుగా పరిణమిస్తాయి. గనుల విస్తరణలో గిరిజనులు భూములు కోల్పోవుట మరొక సమస్య. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూబదిలీని 1970 నాటి 1/70 చట్టము నిషేధిస్తుంది.

అంతర్రాష్ట్ర బాధ్యత

1969లో ఏర్పడిన గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్ 1980లో తుదితీర్పు వెలువరించింది. ఆ తీర్పు ప్రధానంగా నీటి పరిమాణపు పంపకానికి సంబంధించినది. నీటి నాణ్యత విషయంలో 1974 జలకాలుష్య నివారణ చట్టము క్రింద ప్రతి రాష్ట్రానికి ప్రత్యేక మండలి ఉండగా, వాటిని సమన్వయపరచుట కేంద్ర మండలి బాధ్యత. 2014 రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ముంపు కారణంగా పూర్వపు ఖమ్మం జిల్లాలోని 7 మండలాలు పూర్తిగానో, పాక్షికంగానో ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. దీనితో భద్రాచలం పట్టణము తెలంగాణలో ఉండగా, దాని చుట్టుప్రక్కల గ్రామాలు చాలావరకు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి.

ఐరోపాలోని రైన్ నది కొరకు తీరదేశాలు 1950లోనే ఉమ్మడి సంఘమును ఏర్పరచుకున్నాయి. అయినను 1986లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వద్ద రసాయనాల గోదాము అగ్నిప్రమాదానికి గురికాగా విషజలము దిగువ దేశాలకు ప్రవహించి చేపలు పెద్దయెత్తున మరణించాయి. ఆ తరువాతనే తీరదేశాలు నది పునరుద్ధరణకు ఉమ్మడి ప్రణాళికను చేపట్టాయి. ఒకే నదిని పంచుకొనే ప్రాంతాలకు నీటి వాటాలతో పాటు కాలుష్య నియంత్రణలోనూ ఉమ్మడి ఏర్పాటు అవసరమని ఈ ఉదాహరణ తెలుపుతుంది.